భూసేకరణ కేసుల్లో కోర్టు ఖర్చులు, వకీలు ఫీజు ఎవరు భరిస్తారు?

రోడ్డు విస్తరణకో, రైలు మార్గానికో, మరో ప్రజావసరానికో తమ భూమిని ప్రభుత్వం తీసుకుంటున్నదని నోటీసు అందిన ఇంట్లో మొదట వినిపించే ప్రశ్న, పరిహారం ఎంత వస్తుందన్నది. ఆ పరిహారం చాలదని న్యాయస్థానం మెట్లెక్కితే అయ్యే ఖర్చు ఎవరిదన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వస్తుంది. తరచుగా అది వకీలు తన ఫీజు లెక్క చెప్పిన రోజున వస్తుంది. అప్పటికి సంతకాలు అయిపోయి ఉంటాయి, గడువులు కొన్ని దాటిపోయి ఉంటాయి.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ రైల్వే స్టేషనుకు ఆవలి వైపున ఉన్న పర్సుడీహ్ ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అసలు జంషెడ్‌పూర్ నగరమే భూసేకరణ చట్టం నీడలో పుట్టింది. 1907లో ఏర్పడిన టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ కోసం సాక్చి పరిసరాల భూములను నాటి ప్రభుత్వం 1894 నాటి భూసేకరణ చట్టం కింద సేకరించి అప్పగించింది. 1919లో సాక్చి జంషెడ్‌పూర్‌గా, కాళీమాటి స్టేషను టాటానగర్‌గా మారాయి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ఉక్కు కర్మాగారం పనులకూ రైల్వే పనులకూ వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వీరిలో కొందరికి ఇక్కడ ఇంటి స్థలం ఉంటే, స్వగ్రామంలో తాతల నాటి పొలంలో వాటా ఉంటుంది. కాబట్టి నోటీసు తూర్పు సింగ్‌భూమ్ జిల్లా భూసేకరణాధికారి నుంచి రావచ్చు, ఆంధ్రప్రదేశ్‌లోని ఏదో రెవెన్యూ డివిజను నుంచీ రావచ్చు. కేంద్ర చట్టం రెండు చోట్లా ఒక్కటే.

చట్టం ఏమంటున్నది?

2014 జనవరి 1న అమలులోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టంలోని 71వ సెక్షను ఈ విషయాన్ని నేరుగా చెబుతుంది. పరిహారంపై వివాదాన్ని విచారించే అథారిటీ తన తీర్పులో ఖర్చులు ఎంత అయ్యాయో, వాటిని ఎవరు, ఏ నిష్పత్తిలో చెల్లించాలో పేర్కొనాలి. కలెక్టర్ ఇచ్చిన అవార్డు నిలబడకపోతే, అంటే పరిహారం పెరిగితే, సాధారణంగా ఆ ఖర్చులు కలెక్టరే చెల్లించాలి. జార్ఖండ్‌లో జిల్లా కలెక్టరును డిప్యూటీ కమిషనర్ అంటారు. వాడుకలో డీసీ అన్నా, ఉపాయుక్త్ అన్నా ఆ అధికారే.

ఈ నియమానికి రెండు మినహాయింపులు ఉన్నాయి. భూయజమాని కోరిన మొత్తం మరీ విపరీతంగా ఉందని అథారిటీ భావించినా, కలెక్టర్ ముందు తన వాదనను వినిపించడంలో యజమాని నిర్లక్ష్యం చేశాడని తేలినా, అతనికి రావలసిన ఖర్చుల్లో కోత విధించవచ్చు. కలెక్టరుకు అయిన ఖర్చుల్లో కొంత భాగాన్ని అతనే చెల్లించాలని ఆదేశించడానికి కూడా వీలుంది. ఈ సెక్షను కొత్తగా రాసినది కాదు. 1894 చట్టంలోని 27వ సెక్షనులోనూ దాదాపు ఇవే మాటలు ఉండేవి. న్యాయస్థానం స్థానంలో అథారిటీ వచ్చింది, అంతే.

రిఫరెన్సు కొట్టివేస్తే, అంటే కలెక్టర్ నిర్ణయించిన పరిహారమే సరైనదని తేలితే, ఖర్చులు ఎవరిపై వేయాలన్నది అథారిటీ విచక్షణ. ఓడిన యజమాని ప్రతిసారీ ప్రభుత్వ ఖర్చులు కట్టి తీరాలన్న నిబంధన లేదు. కట్టనక్కరలేదన్న హామీ కూడా లేదు.

ఇక్కడ చరిత్రను ఒకసారి తలచుకోవాలి. 1870 నాటి చట్టం ప్రకారం పరిహారంపై ఒప్పందం కుదరకపోతే విషయాన్ని న్యాయస్థానానికి పంపే బాధ్యత కలెక్టరుదే. 1894 చట్టం ఆ బాధ్యతను తిరగవేసింది. కలెక్టర్ అవార్డు ఇస్తాడు, నచ్చనివారు దరఖాస్తు చేసుకుని న్యాయస్థానానికి పంపమని అడగాలి. 2013 చట్టం పరిహారాన్ని బాగా పెంచింది, సామాజిక ప్రభావ అంచనాను తెచ్చింది. కానీ అడిగినవాడికే విచారణ అన్న 1894 నాటి పద్ధతిని మాత్రం కదిలించలేదు. వివాదం మొదలుపెట్టే భారం, దాని తొలి ఖర్చు ఇప్పటికీ భూమి కోల్పోయినవారిదే.

కలెక్టర్ చెల్లించే డబ్బు ఎవరిది?

అవార్డులో కలెక్టర్ అని రాసి ఉన్నా, ఆ సొమ్ము చివరకు రావలసింది భూమిని కోరిన సంస్థ నుంచి. స్థానిక సంస్థ నిధులతోగాని, భూమి కోరిన మరో సంస్థ ఖర్చుతోగాని సేకరణ జరిగితే, ఆ సేకరణ వ్యయాలను ఆ సంస్థే భరించాలని 95వ సెక్షను చెబుతుంది. అందుకు బదులుగా పరిహారం నిర్ణయించే విచారణలో పాల్గొని సాక్ష్యం ప్రవేశపెట్టే అవకాశం ఆ సంస్థకు ఉంటుంది. దాని ఫలితం భూయజమానికి అనుభవంలోకి వస్తుంది. ఒకవైపు ప్రభుత్వ న్యాయవాది, మరోవైపు సంస్థ న్యాయవాది ఉంటారు. ఎదురుగా ఉన్న కుటుంబానికి ఒక్క వకీలు ఉంటాడు, అతని ఫీజు వాయిదాల మీద ఇస్తుంటారు.

సేకరణ ప్రారంభించి మధ్యలో విరమించుకుంటే పరిస్థితి వేరు. స్వాధీనం చేసుకోని భూమి విషయంలో ప్రభుత్వం వెనక్కి తగ్గితే, 93వ సెక్షను కింద యజమానికి జరిగిన నష్టానికి పరిహారంతో పాటు, ఆ ప్రక్రియలో అతను సహేతుకంగా పెట్టిన ఖర్చులన్నీ కలెక్టర్ చెల్లించాలి. 71వ సెక్షనుతో పోలిస్తే ఈ మాట విశాలమైనది. అయితే అడిగేవారు తక్కువ. భూమి మిగిలిందన్న సంతోషంలో వకీలుకూ సర్వేయరుకూ ఇచ్చిన డబ్బుకు రసీదులు ఎవరూ దాచుకోరు.

చట్టం చెప్పే ఖర్చు, చేతి నుంచి పోయే ఖర్చు

అసలు చిక్కు ఇక్కడ ఉంది. ‘ఖర్చులు’ అన్న మాటకు న్యాయస్థానాల్లో ఉన్న అర్థం వేరు, ఇంటి లెక్కల పుస్తకంలో ఉన్న అర్థం వేరు. తీర్పు చివర వేసే ఖర్చుల పట్టికలో స్టాంపులు, ప్రాసెస్ ఫీజు, సాక్షుల బత్తా, నిబంధనలు అనుమతించిన మేరకు న్యాయవాది ఫీజు ఉంటాయి. ఆ న్యాయవాది ఫీజు కక్షిదారు నిజంగా ఇచ్చిన ఫీజుకు చాలా సందర్భాల్లో దగ్గరగా కూడా ఉండదు. సివిల్ కేసుల్లో వేసే ఖర్చులు వాస్తవానికి దగ్గరగా, సహేతుకంగా ఉండాలని సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆచరణ ఆ దిశగా నెమ్మదిగానే కదులుతున్నది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబానికి కలెక్టర్ 20 లక్షల రూపాయలు నిర్ణయించారు. వారు 45 లక్షలు కోరారు. అథారిటీ మొత్తం 30 లక్షలుగా తేల్చింది. పెరిగిన 10 లక్షలపై 72వ సెక్షను కింద, స్వాధీనం చేసుకున్న తేదీ నుంచి మొదటి ఏడాది 9 శాతం, ఆ తర్వాత 15 శాతం వడ్డీ చెల్లించమని ఆదేశించవచ్చు. మూడేళ్లు గడిచి ఉంటే 90 వేలు, లక్షన్నర, మరో లక్షన్నర కలిపి 3 లక్షల 90 వేలు. ఖర్చులు కలెక్టరే ఇవ్వాలని తీర్పులో ఉంటుంది. అంతవరకు బాగానే ఉంది. కానీ వకీలుతో మొదట్లోనే ‘వచ్చినదాంట్లో ఇంత శాతం’ అని నోటిమాటగా ఒప్పుకుని ఉంటే, ఆ శాతాన్ని పెరిగిన 10 లక్షల మీద లెక్కకడతారా, వడ్డీ మీద కూడానా, మొత్తం 30 లక్షల మీదనా? గొడవంతా అక్కడే మొదలవుతుంది.

నిజానికి ఆ ఒప్పందమే చెల్లదు. కేసు ఫలితంపై ఆధారపడిన ఫీజును న్యాయవాది కుదుర్చుకోరాదని, కేసులో వచ్చే సొమ్ములో వాటా పంచుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిబంధనలు నిషేధిస్తున్నాయి. 2017 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని తేల్చిచెప్పింది. మోటారు ప్రమాద పరిహారం అందుకున్న ఒక మహిళపై, ఫీజు కింద తీసుకున్న చెక్కు చెల్లలేదని ఆమె న్యాయవాదే కేసు పెట్టారు. పరిహారంలో శాతంగా ఫీజు కోరడం ప్రజావిధానానికి విరుద్ధమని చెప్పి ఆ కేసును న్యాయస్థానం కొట్టివేసింది. అది భూసేకరణ కేసు కాకపోయినా, సూత్రం ఇక్కడికీ వర్తిస్తుంది. ఫీజు ఎంతో ముందే నిర్ణీత మొత్తంగా మాట్లాడుకుని కాగితం మీద పెట్టుకోవడం, ఇచ్చిన ప్రతిసారీ రసీదు తీసుకోవడం ఇద్దరికీ మేలు. నిజాయతీగా పనిచేసే వకీళ్లు దీనికి అభ్యంతరం చెప్పరు.

కోర్టు ఫీజు అనే అడ్డుగోడ

కలెక్టర్ అవార్డుకూ, దాని నకలుకూ డబ్బు కట్టనక్కరలేదు. 96వ సెక్షను ప్రకారం అవార్డుపై స్టాంపు సుంకం లేదు, నకలుకు రుసుము లేదు, ఆదాయపు పన్ను కూడా లేదు. పరిహారం పెంచమని వివాదాన్ని అథారిటీకి పంపాలని కలెక్టరుకు పెట్టే దరఖాస్తు దశలోనూ పెద్ద ఖర్చు ఉండదు. భారం అప్పీలులో వస్తుంది. అథారిటీ తీర్పుపై 60 రోజుల్లో హైకోర్టుకు వెళ్లవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజులు పొడిగిస్తారు. 1870 నాటి కోర్టు ఫీజుల చట్టంలోని 8వ సెక్షను ప్రకారం, వచ్చిన మొత్తానికీ అప్పీలుదారు కోరే మొత్తానికీ మధ్య తేడా ఎంతో దానిపై కోర్టు ఫీజు లెక్కకడతారు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. భూమి పోయి, పరిహారం చాలక, చేతిలో డబ్బు లేని మనిషి తనకు న్యాయంగా రావలసినదంతా అడగడానికే భయపడతాడు. ఎక్కువ అడిగితే ఎక్కువ ఫీజు కట్టాలి. అందుకని తక్కువ అడుగుతాడు. తరువాత పొరుగువారి భూమికి ఎక్కువ ధర నిర్ణయమైతే, ‘నువ్వు అడిగిందే ఇంత కదా’ అని ప్రభుత్వం వాదిస్తుంది. 1985లో చండీగఢ్‌కు చెందిన భాగ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ వాదనను ఒప్పుకోలేదు. తక్కువ పడిన కోర్టు ఫీజును తరువాత కట్టించుకుని, న్యాయమైన పరిహారం ఇవ్వాలని చెప్పింది. పౌరుడి భూమిని బలవంతంగా తీసుకున్న ప్రభుత్వం సాంకేతిక కారణాల చాటున దాక్కోరాదన్నది ఆ తీర్పు సారం. తరువాతి తీర్పులు కూడా కక్షిదారు కోరినదానికంటే ఎక్కువ పరిహారం ఇవ్వవచ్చని చెప్పాయి. తేడాపై కోర్టు ఫీజు కట్టాలన్నది ఒక్కటే షరతు.

ప్రభుత్వమే అప్పీలుకు వెళ్తే యజమాని మళ్లీ వకీలును పెట్టుకోవాలి. పెరిగిన మొత్తంలో కొంత డిపాజిట్ చేయించి స్టే ఇవ్వడం, ఆ డిపాజిట్‌ను తీసుకోవడానికి పూచీకత్తు అడగడం హైకోర్టుల్లో తరచుగా జరిగేదే. ఆ పూచీకత్తుకయ్యే ఖర్చు ఏ ఖర్చుల పట్టికలోనూ కనిపించదు.

సేకరణే చెల్లదని రాజ్యాంగంలోని 226వ అధికరణం కింద రిట్ వేసినవారి సంగతి మరింత అనిశ్చితం. అక్కడ 71వ సెక్షను వర్తించదు. ఖర్చులు పూర్తిగా హైకోర్టు విచక్షణ. గెలిచినవారికి కూడా ‘ఖర్చుల విషయంలో ఉత్తర్వు లేదు’ అన్న వాక్యమే ఎక్కువసార్లు దక్కుతుంది. అంటే ఎవరి ఖర్చులు వారివే.

రైల్వే, జాతీయ రహదారి భూములు

టాటానగర్ చుట్టుపక్కల ఉండేవారు ఈ తేడాను ప్రత్యేకంగా గమనించాలి. జాతీయ రహదారుల చట్టం, 1956 కింద గానీ, రైల్వేల చట్టం, 1989 కింద ప్రత్యేక ప్రాజెక్టులకు గానీ భూమి తీసుకుంటే, పరిహార వివాదం అథారిటీకి పోదు. కేంద్ర ప్రభుత్వం నియమించిన మధ్యవర్తి, అంటే ఆర్బిట్రేటర్, దగ్గరకు వెళ్తుంది. ఖర్చుల విషయంలో అక్కడ ఆర్బిట్రేషన్ చట్టంలో 2015లో చేర్చిన 31ఏ సెక్షను వస్తుంది. ఓడిన పక్షం గెలిచిన పక్షానికి ఖర్చులు చెల్లించాలన్నది దాని సాధారణ సూత్రం. కారణాలు రాసి వేరే విధంగా ఆదేశించవచ్చు. సూత్రం యజమానికి అనుకూలంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఓడితే అదే సూత్రం ఎదురు తిరుగుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. పర్సుడీహ్ పరిసరాల్లో ఖాస్‌మహల్ అన్న పేరు అందరికీ తెలుసు. జిల్లా సదర్ ఆసుపత్రి అక్కడే ఉంది. ఆ మాటకు మూలార్థం ప్రభుత్వం నేరుగా తన అధీనంలో ఉంచుకున్న భూమి. ప్రభుత్వ భూమిలోనో, రైల్వే భూమిలోనో ఏళ్ల తరబడి ఉంటున్నవారిని ఖాళీ చేయిస్తే అది భూసేకరణ కిందికి రాకపోవచ్చు. కేంద్ర సంస్థల భూముల్లో ఆ పని 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం కింద జరుగుతుంది. అప్పుడు 71వ సెక్షను ఇచ్చే ఖర్చుల రక్షణ ఉండదు. కనుక నోటీసు ఏ చట్టం కింద, ఏ సెక్షను కింద వచ్చిందో చదివించుకోవడం మొదటి పని. ఖతియాన్‌లో ఎవరి పేరు ఉందో అంచల్ కార్యాలయంలో చూసుకోవడం రెండోది.

ఇతర దేశాల్లో

అమెరికా సుప్రీంకోర్టు 1979లో బాడ్‌కా కంపెనీ కేసులో, రాజ్యాంగం హామీ ఇచ్చిన న్యాయమైన పరిహారంలో కేసు ఖర్చులు భాగం కావని చెప్పింది. ఇవ్వాలంటే శాసనసభలే చట్టం చేయాలి. కొన్ని రాష్ట్రాలు చేశాయి. ఫ్లోరిడాలో భూయజమాని న్యాయవాది ఫీజును, ప్రభుత్వం మొదట ఇవ్వజూపిన మొత్తానికంటే ఎంత ఎక్కువ సాధించారన్నదాని ఆధారంగా లెక్కిస్తారు. మొదటి రెండున్నర లక్షల డాలర్ల వరకు 33 శాతం, ఆపైన పది లక్షల డాలర్ల వరకు 25 శాతం, ఆ తర్వాత 20 శాతం. శాతమన్న మాట విని మన పద్ధతే అనుకోరాదు. అక్కడ ఆ శాతాన్ని భూమి తీసుకున్న సంస్థ పరిహారానికి అదనంగా చెల్లిస్తుంది. మన దగ్గర చాటుగా కుదిరే శాతం పరిహారంలోంచే కోసుకుపోతుంది.

కెనడాలోని ఒంటారియో రాష్ట్రం మరో దారి పట్టింది. సంస్థ ఇవ్వజూపిన మొత్తంలో 85 శాతం, లేదా అంతకు మించి యజమానికి దక్కితే, అతను నిజంగా పెట్టిన సహేతుకమైన న్యాయ, విలువ నిర్ధారణ ఖర్చులన్నీ సంస్థే ఇవ్వాలి. అంటే కాస్త ఓడినా ఖర్చులు వస్తాయి. భూమి అమ్ముకోవాలని యజమాని కోరుకోలేదు కాబట్టి, దాని విలువ తేల్చుకునే ఖర్చు అతనిది కారాదన్న భావన దాని వెనుక ఉంది. మన 71వ సెక్షనులో ఆ భావన సగమే ఉంది.

గడువులు, ఉచిత న్యాయసహాయం

ఖర్చుల హక్కు నిలబడాలంటే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. 21వ సెక్షను కింద వచ్చే నోటీసుకు లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వాలి. ఎంత కోరుతున్నారో, ఎందుకు కోరుతున్నారో, దగ్గరలోని రిజిస్టర్డ్ అమ్మకం దస్తావేజుల ఆధారంతో చెప్పాలి. కలెక్టర్ ముందు మౌనంగా ఉండి తరువాత పెద్ద మొత్తం కోరితే, 71వ సెక్షనులోని ‘నిర్లక్ష్యం’ అన్న మాట ఎదురవుతుంది. పరిహారం తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నట్టు రాయాలి. అలా రాయకుండా తీసుకున్నవారికి పెంపు కోరే దరఖాస్తు హక్కు ఉండదని 77వ సెక్షను చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు తమ సవరణల ద్వారా పరస్పర అంగీకారంతో భూమి తీసుకునే వీలు కల్పించుకున్నాయి. అటువంటి ఒప్పందంపై సంతకం పెట్టినవారికి ధర పెంచమని అడిగే దారి సాధారణంగా మూసుకుపోతుంది.

అవార్డు ప్రకటించినప్పుడు స్వయంగా గానీ ప్రతినిధి ద్వారా గానీ హాజరైనవారు ఆరు వారాల్లో దరఖాస్తు పెట్టాలి. హాజరు కానివారికి నోటీసు అందినప్పటి నుంచి ఆరు వారాలు, అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఈ రెంటిలో ఏది ముందు ముగిస్తే అది గడువు. తగిన కారణం ఉంటే మరో ఏడాదిలోపు కూడా కలెక్టర్ స్వీకరించవచ్చు. జంషెడ్‌పూర్‌లో ఉంటూ శ్రీకాకుళంలోని ఉమ్మడి పొలంపై హక్కు ఉన్నవారికి ఈ లెక్క ముఖ్యం. ఊళ్లో ఉన్న అన్నదమ్ముడికి తమ తరఫున హాజరయ్యే అధికారం రాసి ఇచ్చి ఉంటే, ఆరు వారాల గడువే తమకూ వర్తిస్తుంది.

వకీలును పెట్టుకునే స్తోమత లేనివారికి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షను ఉంది. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగల వారు, మహిళలు, దివ్యాంగులు, చట్టం నిర్వచించిన పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. తూర్పు సింగ్‌భూమ్ ఐదో షెడ్యూలు కింద ఉన్న జిల్లా. ఇక్కడ భూమి కోల్పోయేవారిలో ఆదివాసులు, కార్మిక కుటుంబాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ఈ సెక్షను ఎందరికో పనికివస్తుంది. ఉమ్మడి ఆస్తిలో తల్లి గానీ సోదరి గానీ హక్కుదారుగా ఉంటే ఆమె తన పేరున దరఖాస్తు చేసుకోవచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థను సంప్రదించవచ్చు, లేదా 15100 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

అసలు కేసే వేయనివారికి కూడా ఒక దారి మిగిలి ఉంది. ఒకే నోటిఫికేషను కింద భూమి పోయిన పొరుగువారు అథారిటీలో గెలిచి ఎక్కువ పరిహారం పొందితే, తామెప్పుడూ దరఖాస్తు పెట్టకపోయినా, 73వ సెక్షను కింద అదే ధర తమకూ వర్తింపజేయమని కలెక్టరును కోరవచ్చు. దీనికి పెద్ద వకీలు అక్కరలేదు, రాతపూర్వక దరఖాస్తు చాలు. కానీ పొరుగువారి తీర్పు వెలువడిన తేదీ నుంచి మూడు నెలల్లో అది కలెక్టర్ కార్యాలయానికి చేరాలి. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులను ఆ లెక్కలోంచి మినహాయిస్తారు.